టైల్ పగిలింది, బిట్టు మాడింది: ఏ బిట్టు దేనికి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అనంతపురంలో కొత్త ఇల్లు, కొత్త డ్రిల్ మెషీన్, దాంతోపాటు పెట్టెలో వచ్చిన పదమూడు బిట్లు. బాత్రూమ్‌లో గీజర్ కోసం హోల్ పెడుతుంటే టైల్ పగిలింది, వంటింట్లో కడప బండ అల్మారాకు పెడుతుంటే అంచు పెచ్చు లేచింది, మెట్ల దగ్గర స్టీల్ రెయిలింగ్‌కు పెడుతుంటే బిట్టు నీలంగా మాడి మొద్దుబారింది. మెషీన్ మార్చాలా, ఖరీదైన బిట్లు కొనాలా అని అడిగావు. మెషీన్ జోలికి పోవద్దు, అది బాగానే ఉంది. బిట్లు మాత్రం కొన్ని కొనాలి, అదీ సెట్టుగా కాదు, విడివిడిగా.

నాది కర్నూలు. వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. దానికి ముందు ఒక లేత్ షాపులో నాలుగేళ్లు పనిచేశా, అందులో మొదటి ఏడాది నాకు డ్రిల్లింగ్ మెషీన్ ముట్టుకోనివ్వలేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మొద్దుబారిన బిట్లు సాన పట్టడమే పని. అప్పట్లో తిట్టుకున్నాను గానీ, బిట్టు ఎందుకు చెడుతుందో నాకు తెలిసింది అక్కడే.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకో, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. వస్తువులు బిట్టుకు మూడు రకాలుగా లొంగుతాయి. ఇనుము, అల్యూమినియం, చెక్క లాంటివి కోస్తే లొంగుతాయి. ఇటుక, కాంక్రీటు దంచితే లొంగుతాయి. వెట్రిఫైడ్ టైలు, గాజు, గ్రానైటు అరగదీస్తేనే లొంగుతాయి. నీకు జరిగిన మూడు నష్టాలూ ఇక్కడే ఉన్నాయి: అరగదీయాల్సిన టైల్‌ను దంచావు, మెల్లగా పెట్టాల్సిన బండనూ దంచావు, కోయాల్సిన స్టీల్‌ను అరగదీశావు. బిట్టు మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాతి మాట.

దంచేదాంతో మొదలుపెడతా, ఇంట్లో ఎక్కువ పడే పని అదే కాబట్టి. గోడ బిట్టును చేతిలోకి తీసుకుని మొన చూడు. కాడ మామూలు ఉక్కే, మొన దగ్గర మాత్రం చిన్న గొడ్డలి ముక్కలా వేరే రంగు లోహం అతికించి ఉంటుంది, అది టంగ్‌స్టన్ కార్బైడ్. దానికి కత్తిలాంటి పదును ఉండదు, వేలితో తడిమితే మొద్దుగానే తగులుతుంది, అలాగే ఉండాలి కూడా. అది సుత్తి దెబ్బకి లోపలి ఇటుకని, కంకరని నలగ్గొడుతుంది, మెలికల గాడి ఆ పొడిని బయటికి లాగుతుంది. అందుకే గోడకి పెట్టేటప్పుడు మెషీన్ మీద సుత్తి బొమ్మ వైపు స్విచ్ తిప్పాలి. సుత్తి లేకుండా కాంక్రీటు మీద అరగంట తిప్పినా వేడెక్కి మొన అతుకు ఊడిపోవడం తప్ప లాభం లేదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు పొడి బయటికి రానివ్వకపోవడం. అంగుళం లోపలికి పోయాక బిట్టును తిరుగుతుండగానే వెనక్కి లాగి, పొడి రాలనిచ్చి, మళ్లీ పెట్టాలి. మన వైపు బోరు లారీని చూసే ఉంటావు, ఆరున్నర అంగుళాల బోరు వేసేటప్పుడు కంప్రెసర్ గాలి కింద హ్యామర్‌ని కొట్టించడమే కాదు, నలిగిన రాతి పొడిని వందల అడుగుల లోతు నుంచి పైకి ఊదుతుంది. ఊరంతా తెల్లగా దుమ్ము లేచేది అందుకే. ఆ గాలి ఆగిందా, పొడి కిందే కూరుకుపోయి బిట్టు ఇరుక్కుంటుంది, రాడ్లతో సహా వదులుకున్న రైతులూ ఉన్నారు. ఆ బోరు బిట్టు ముఖం మీద ఉండే గుండీలు కూడా ఇదే కార్బైడ్. నీ 6 ఎంఎం బిట్టుకీ ఆ బోరు బిట్టుకీ సైజులోనే తేడా, పని ఒకటే.

నీ దగ్గరున్నది ఇంపాక్ట్ డ్రిల్, అంటే లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎగురుతూ కటకటమని కొడతాయి. ఇటుక గోడకి అది చాలు. స్లాబు, బీము, పిల్లరు లాంటి, లోపల ఇనప కడ్డీలుండే ఆర్‌సీసీకి అదే వాడితే చేతులు నొప్పి పుడతాయి, హోల్ పడదు. దానికి రోటరీ హ్యామర్ కావాలి, అందులో పిస్టన్ గాలి ఒత్తిడితో కొడుతుంది, నువ్వు బలంగా నొక్కాల్సిన పనే లేదు, నొక్కితే ఉల్టా దెబ్బ తగ్గుతుంది. దానికి వాడే బిట్లు వేరు, ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు, కాడ 10 ఎంఎం మందం, గాడులు ఉంటాయి, బిట్టును పట్టుకునే మామూలు చక్‌లో వాటిని బిగించొద్దు. రోటరీ హ్యామర్ నువ్వు కొనక్కర్లేదు, స్లాబుకు నాలుగు హోల్స్ పెట్టాలంటే ఒక పూటకి అద్దెకి తెచ్చుకో. కాడకి చక్‌లో పెట్టే ముందు చిటికెడు గ్రీజు పూయి, దుమ్ముతో పెడితే అక్కడే అరుగుతుంది.

ఆర్‌సీసీలో పోతూ పోతూ బిట్టు ఠక్కున ఆగి, శబ్దం మారి, పొడి బదులు మెరిసే రేణువులు వస్తే ఇనప కడ్డీ తగిలిందని అర్థం. మొండిగా నొక్కొద్దు. కార్బైడ్ మొన పెళుసు, కడ్డీ మీద దంచితే అంచు ఎగిరిపోతుంది. హోల్‌ని రెండంగుళాలు జరుపు, బీములో కడ్డీ కోసే ఆలోచన అసలే వద్దు.

పాత ఇళ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నీకు కాకపోయినా ఇది చదివే వాళ్లలో సగం మందికి ఊళ్లో మిద్దె ఇల్లు ఉంటుంది. మట్టి వేసి కట్టిన రాతి గోడలో బిట్టు రాయి నుంచి మట్టిలోకి జారిపోతుంది, హోల్ వంకర పోతుంది, స్క్రూ పట్టడానికి హోల్‌లో ప్లాస్టిక్ ప్లగ్గు వేస్తే వేలితో లాగినా ఊడొస్తుంది. అక్కడ మన పెద్దవాళ్ల పద్ధతే మేలు: కాస్త పెద్ద బెజ్జం పెట్టి, ఎండిన తుమ్మ చెక్కతో మేకు చెక్కి దిగ్గొట్టి, దానికి స్క్రూ బిగించాలి. దానికి పూర్తి వ్యతిరేకం ఇప్పుడు అపార్ట్‌మెంట్లకి వాడుతున్న లైట్ వెయిట్ ఇటుక, అది బిస్కెట్ లాంటిది. దానికి సుత్తి ఆపేసి, ప్లగ్గు సైజు కంటే ఒక సైజు చిన్న బిట్టుతో మామూలుగా తిప్పితే చాలు. సుత్తి వేస్తే హోల్ వెడల్పయిపోయి ప్లగ్గు గిర్రున తిరుగుతుంది.

ఇప్పుడు నీ టైల్. నువ్వు రాయలేదు గానీ సుత్తి స్విచ్ ఆన్‌లోనే ఉండి ఉంటుంది, పందెం. టైల్ మీద సుత్తి పడితే పగలడం ఖాయం, వెనక సిమెంటు సరిగా పట్టని చోట ఇంకా సులువుగా పగులుతుంది. అందుకే ముందు వేలి ముడితో కొట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే ఆ చోటు వదిలెయ్. టైల్ అంచుకి దగ్గర్లోనూ పెట్టొద్దు.

గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్ అయితే పైన మెరుపు పొర మాత్రమే గట్టి, లోపల మట్టే. దానికి బల్లెం మొనలాంటి గాజు బిట్టు చాలు. నీది వెట్రిఫైడ్ అన్నావు, అంటే లోపలిదాకా గట్టిగా ఉండేది, దానికి ఆ బల్లెం బిట్టు ఒకటి రెండు హోల్స్ తర్వాత చేతులెత్తేస్తుంది. డైమండ్ బిట్టు తీసుకో, చిన్న గొట్టంలా బోలుగా ఉండి అంచు చుట్టూ ఇసుక అంటించినట్టు గరుగ్గా ఉంటుంది. దానికి మధ్యలో మొన ఉండదు కాబట్టి నిటారుగా పెడితే గాజు మీద గోలీలా జారుతుంది. మెషీన్‌ను పక్కకి వాల్చి, బిట్టు అంచు ఒక వైపే టైల్‌కి తగిలేలా పెట్టి, మెల్లగా తిప్పు, నెలవంకలా గాడి పడుతుంది. ఆ గాడి పడ్డాక తిరుగుతుండగానే మెల్లగా నిటారుకి తీసుకురా. లేదంటే చిన్న ప్లైవుడ్ ముక్కకి అదే సైజు హోల్ పెట్టి, టైల్ మీద అదిమి పట్టుకుని దాంట్లోంచి పెట్టు, జారదు.

నీళ్లు మర్చిపోకు. డైమండ్‌కి శత్రువు వేడి. కానీ కరెంటు మెషీన్ మీద నీళ్లు పోసుకోవద్దు, దానికి నేను చేసేది ఇది: హోల్ పెట్టే చోటుకి కాస్త కింద చపాతీ పిండి ముద్దతో చిన్న గట్టు అతికించి, అందులో రెండు చెంచాల నీళ్లు పోస్తా, పక్కన ఒకరు తడి స్పాంజితో గాడి వెంట నీళ్లు పిండుతుంటారు. తెల్లటి గంజిలాంటి బురద కారుతుంటే పని సరిగా జరుగుతున్నట్టు. బురద ఆగి పొడి లేస్తే ఆపు, నీళ్లు పట్టు. నొక్కుడు చాలా తక్కువ, మెషీన్ బరువు చాలు, నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టు.

టైల్ దాటాక ఆ డైమండ్ బిట్టుతో గోడలోకి పోవద్దు. తీసేసి గోడ బిట్టు పెట్టు, అది టైల్ హోల్ కంటే ఒక సైజు చిన్నదై ఉండాలి, అప్పుడే సుత్తి దెబ్బ టైల్ అంచుకి తగలదు. ఇంకొకటి, ఇది మేస్త్రీలు కూడా పట్టించుకోరు: ప్లగ్గు టైల్ మందం దాటి లోపల గోడలో కూర్చోవాలి. టైల్‌తో సమానంగా ఆపేస్తే స్క్రూ బిగించేకొద్దీ ప్లగ్గు ఉబ్బి టైల్‌ను లోపల్నుంచి పగలగొడుతుంది. హోల్ బాగా పెట్టాను, స్క్రూ బిగిస్తుంటే పగిలింది అని వచ్చే వాళ్లందరి కథా ఇదే.

కడప బండ దగ్గరకి వద్దాం. చాలామంది దీన్నీ గ్రానైటునీ ఒకటే అనుకుంటారు. కడప బండ, బేతంచెర్ల రాయి సున్నపురాయి జాతి, 1 నుంచి 10 దాకా ఉండే గీటు గట్టిదనం లెక్కలో (మోస్ స్కేలు) 3 దగ్గర ఉంటుంది. గ్రానైటులో ఉండే స్ఫటికం 7. ఉక్కు బిట్టుని గ్రానైటు అరగదీస్తుంది గానీ బిట్టు గ్రానైటుని ఏమీ చేయలేదు. కడప బండకి మంచి కార్బైడ్ బిట్టు సుత్తి లేకుండా వేసినా దిగుతుంది. దాని బలహీనత వేరే, అది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి, అందుకే గనిలో పలకలుగా లేస్తుంది, అందుకే నీ అల్మారా అంచు కూడా పలకలా లేచింది. సుత్తి ఆపు, ముందు 4 ఎంఎం పెట్టి తర్వాత కావాల్సిన సైజుకి వెళ్లు, అంచు నుంచి కనీసం రెండంగుళాలు వదులు, అవతలి వైపు చెక్క ముక్క ఆనించి గట్టిగా పట్టించు. చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో చేతి బలం తగ్గించు, బిట్టు బయటపడే క్షణంలోనే పెచ్చు లేస్తుంది.

గ్రానైట్ ప్లాట్‌ఫారానికి కుళాయి హోల్ పెట్టాలంటే సాధారణంగా 35 ఎంఎం కావాలి, అది డైమండ్ కోర్ బిట్టు పని, నీళ్లతో. ఒక్క హోల్ కోసం ఆ బిట్టు కొనడం దండగ, బండ పరిచిన మేస్త్రీనే పిలువు. తాడిపత్రి వైపు పాలిష్ యూనిట్లకి ఎప్పుడైనా వెళ్తే చూడు, రాయి కోసే చోట నీళ్లు ఒక్క క్షణం ఆపరు.

ఇక నా సొంత పని, ఇనుము.

ఇనుముకి వాడేది హై స్పీడ్ స్టీల్ అనే గట్టి ఉక్కుతో చేసిన హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు. దీని మొనకి రెండు అంచులుంటాయి, ఆ రెండూ కలిసే కోణం మామూలు బిట్టుకి 118 డిగ్రీలు, గట్టి ఉక్కుకి వాడేవాటికి 135. బిట్టు సరిగ్గా పనిచేస్తుంటే రెండు గాడుల్లోంచీ మెలికలు తిరిగిన పొడవాటి చుట్టలు వస్తాయి. పొడి రాలుతోంది, కీచుమంటోంది అంటే కోయడం ఆగిపోయి రుద్దడం మొదలైందని. ఆ క్షణంలో ఆపితే బిట్టు దక్కుతుంది, ఇంకో పది సెకన్లు నొక్కితే నీలమవుతుంది.

మొదట సెంటర్ పంచ్‌తో ఒక చుక్క కొట్టు, లేకుంటే మొన జారి ఇనుము మీద గీతలు పడతాయి. 8 ఎంఎం దాటిన హోల్ అయితే ముందు 3 లేదా 4 ఎంఎం పెట్టి దాని మీద పెద్దది పెట్టు. కారణం ఏంటంటే బిట్టు మొన నడిమధ్యలో చిన్న అడ్డగీత లాంటి అంచు ఉంటుంది, అది కోయదు, నెడుతుంది, నీ బలమంతా దానికే పోతుంది. చిన్న హోల్ ముందే ఉంటే ఆ అడ్డగీతకి పని ఉండదు.

తర్వాత వేగం. ఇది లెక్కతో చెప్తా, ఒకసారి చేసి చూసుకో. కోసే వేగం నిమిషానికి ఎన్ని మీటర్లో దాన్ని 320తో గుణించి, బిట్టు సైజు మిల్లీమీటర్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో దాదాపుగా వస్తుంది. మామూలు ఇనుముకి 25 మీటర్లు అనుకో, 6 ఎంఎం బిట్టుకి 1,300 చుట్లు, 10 ఎంఎంకి 800. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి 10 మీటర్లే, అంటే 6 ఎంఎంకి 530 చుట్లు. నీ చేతి మెషీన్ ట్రిగ్గర్ మొత్తం నొక్కితే ఉత్తినే 2,600 నుంచి 3,000 దాకా తిరుగుతుంది. అంటే రెయిలింగ్ మీద ఉండాల్సిన దానికంటే ఐదింతలు వేగంగా తిప్పావు. బిట్టు మాడక ఏమవుతుంది?

స్టీల్‌కి ఇంకో పంతం ఉంది. 304 రకం లాంటి స్టెయిన్‌లెస్ స్టీల్‌ని మొద్దు బిట్టుతో రుద్దితే, రుద్దిన చోట పైపొర ఇంకా గట్టిపడుతుంది. ఎంత రుద్దితే అంత గట్టిపడుతుంది, ఆ తర్వాత కొత్త బిట్టు తెచ్చినా జారుతుంది. కాబట్టి స్టీల్ దగ్గర సూత్రం ఇనుముకి తలకిందులు: మెల్లగా తిప్పు, గట్టిగా నొక్కు, మొదలుపెట్టాక మధ్యలో ఆడిస్తూ ఉండొద్దు, చుట్టలు వస్తూనే ఉండాలి. బిట్టు కోబాల్ట్‌ది తీసుకో, దాని మీద ఎం35 అని ఉంటే 5 శాతం కోబాల్ట్, ఎం42 అయితే 8 శాతం. వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ మామూలు దానికంటే పెళుసు, పక్కకి వంచితే టప్పున విరుగుతుంది. నూనె చుక్కలు వేస్తూ ఉండు. నీ రెయిలింగ్‌లో ఇప్పటికే గట్టిపడిన చోటు ఉంది కదా, వీలైతే పైపు అవతలి వైపు నుంచి పెట్టు, లేదంటే అరంగుళం జరుపు. పైపు పలచగా ఉంటుంది, బిట్టు బయటపడేటప్పుడు పట్టేసి చెయ్యి మెలిపెడుతుంది, జాగ్రత్త. పలచటి రేకుకైతే మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్టు మంచిది, మామూలు బిట్టు రేకులో గుండ్రటి హోల్ బదులు మూడు మూలల హోల్ పెడుతుంది.

అల్యూమినియం జిగురుగా గాడిలో అతుక్కుంటుంది, వేగం పెంచొచ్చు గానీ మాటిమాటికీ బయటికి తీసి శుభ్రం చేయాలి, కొంచెం డీజిల్ గానీ సన్నటి నూనె గానీ వేస్తే అతకదు. ఇత్తడి దీనికి వ్యతిరేకం, పదునైన బిట్టుని లోపలికి లాక్కుంటుంది. ప్లాస్టిక్, అక్రిలిక్ షీటు అయితే మెల్లగా, కింద చెక్క పెట్టి.

చెక్క గురించి ఎక్కువ చెప్పను. టేకు, వేప, ప్లైవుడ్ ఏదైనా, మధ్యలో సన్నటి ముల్లు ఉండే చెక్క బిట్టు వాడితే హోల్ గీసినట్టు వస్తుంది, కింద పనికిరాని చెక్క పెడితే అవతల పీచు లేవదు. కప్‌బోర్డు తలుపుల హింజ్‌కి వాడే గుండ్రటి బిట్టు 35 ఎంఎం, లోతు 12 దాకా పోవాలి, ప్లైవుడ్ 18 ఉంటుంది, బిట్టు మధ్య ముల్లు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుంటుందని మర్చిపోతే తలుపు ముఖం మీద మొటిమ లేస్తుంది. మా అబ్బాయి సొంతింటి బీరువాకే అలా రెండు మొటిమలు పెట్టాడు, ఇప్పటికీ వాటి మీద స్టిక్కర్లున్నాయి.

కొనే దగ్గర. బంగారు రంగు చూసి మోసపోకు. అసలు టైటానియం నైట్రైడ్ పూత మంచిదే, అరుగుదల తగ్గిస్తుంది, కానీ అది పైపూత, ఒకసారి సాన పట్టగానే మొన దగ్గర పోతుంది. చవక సెట్లలో ఆ రంగు ఉంటుంది, కింద మంచి ఉక్కు మాత్రం ఉండదు. ఒకసారి నేనూ పడ్డాను, పెద్ద కంపెనీ పేరున్న డబ్బా, ధర సగం, ఒక ఇనప యాంగిల్ ముక్కకి నాలుగు హోల్స్ పెట్టేసరికి మొన గుండ్రమైపోయింది. అప్పటి నుంచి రెండు పరీక్షలు చేస్తా. బిట్టుని అద్దం ముక్క మీద దొర్లిస్తే వంకరుంటే ఎగురుతూ దొర్లుతుంది. రెండోది, మెలికల దగ్గర అంచు మీద ఆకురాయి పెట్టి లాగితే మంచి హెచ్‌ఎస్‌ఎస్ మీద జారిపోవాలి, పట్టుకుని కోసిందంటే అది మెత్తటి ఉక్కు. కాడ దగ్గర చూడొద్దు, మంచి బిట్లలో కూడా కాడ మెత్తగానే ఉంటుంది. షాపువాడు ఆకురాయి పెట్టనివ్వకపోతే ఒకటి కొని ఇంటికొచ్చి చూసుకో, నచ్చితే మిగతావి కొను.

సాన పట్టడం నేర్చుకో, హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు ఒకటి ఏళ్ల తరబడి వస్తుంది. బెంచ్ గ్రైండర్ ఉన్న ఏ వెల్డింగ్ షాపులోనైనా పది నిమిషాలు నిలబడితే పట్టుబడుతుంది. బిట్టును ఎడమచేతి వేలి మీద ఆనించి, రాయి ముఖానికి 59 డిగ్రీల వాలులో, అంటే 118లో సగం, కోసే అంచు నేలకి సమాంతరంగా ఉండేలా తగిలించాలి. తగిలించిన వెంటనే కుడిచేత్తో కాడను మెల్లగా కిందికి దించాలి, అలా దించితేనే అంచు వెనక భాగం పది పన్నెండు డిగ్రీలు లోపలికి వాలుతుంది. ఆ వాలు లేకపోతే బిట్టు మెరుస్తుంది గానీ కోయదు, అంచు వెనకున్న మడమ ఇనుము మీద రుద్దుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు నూటికి తొంభై సార్లు ఇదే. తర్వాత 180 డిగ్రీలు తిప్పి రెండో అంచు, అన్నే సార్లు, అంతే బలంతో.

కోణం సరిగా వచ్చిందా అని చూడటానికి గేజ్ అక్కర్లేదు. ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని, పలకకి పలక ఆనించి బల్ల మీద పెట్టు. వాటి మధ్య వీ ఆకారం సరిగ్గా 120 డిగ్రీలు. బిట్టు మొన అందులో కూర్చుంటే పనైపోయినట్టే, రెండు డిగ్రీల తేడా ఎవడూ కనిపెట్టడు. రెండు అంచులూ ఒకే పొడవు ఉండాలి, అది మాత్రం కచ్చితంగా, ఒకటి పొడవైతే 10 ఎంఎం బిట్టు పెట్టిన హోల్ పదిన్నర అవుతుంది. సాన పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచి చల్లార్చు, కానీ ఎర్రగా కాలిన బిట్టుని ఠక్కున ముంచొద్దు, కంటికి కనపడని చీలికలు వస్తాయి. గోడ బిట్టు కార్బైడ్ మొనని ఈ మామూలు రాయి కోయలేదు, దానికి ఆకుపచ్చ రాయో డైమండ్ రాయో కావాలి, ఇంటి వాడకానికి ఆ తంటా కంటే కొత్తది కొనడం మేలు.

దాచడం. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు మా షాపు పైకప్పు దాకా మునిగింది. నీళ్లు తీశాక బురదలోంచి బిట్ల డబ్బాలు తవ్వి తీశాం. తడిసిన అట్టపెట్టెల్లో ఉన్నవి అన్నీ కలిసి ఒక తుప్పు ముద్ద. పాత లుంగీ గుడ్డకి నూనె పట్టించి ఒక్కోటీ విడిగా చుట్టిపెట్టిన లేత్ బిట్లు ఓ ముప్పై మాత్రం, గుడ్డ విప్పితే మీద కొద్దిగా గోధుమ రంగు, అంతే. డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి వైరు బ్రష్ కొడితే మళ్లీ పనికొచ్చాయి, వాటిలో రెండు ఇప్పటికీ వాడుతున్నా. మన ఎండల్లో తుప్పు తక్కువే గానీ, బాత్రూమ్ పని చేసి తడిగానే సంచిలో పడేస్తే రెండ్రోజుల్లో పడుతుంది. ఇంకొకటి, అన్నీ ఒకే డబ్బాలో గలగలమని వేయొద్దు, కార్బైడ్ మొన హెచ్‌ఎస్‌ఎస్ అంచుని కొరుకుతుంది.

చక్ బిగించేటప్పుడు తాళంచెవిని ఒక్క హోల్‌లోనే తిప్పి వదిలేయకుండా మూడు హోల్స్‌లోనూ తిప్పు, బిట్టు జారి కాడ అరగదు. కళ్లద్దాలు తప్పనిసరి, తలపైకి హోల్ పెట్టేటప్పుడు మరీ. రాయి, కాంక్రీటు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, మాస్కు పెట్టుకో, నోటికి రుమాలు చాలదు. చేతికి గుడ్డ గ్లౌజులు వద్దు, తిరిగే బిట్టు వాటిని పట్టుకుంటే వేలితో సహా లాగుతుంది. లుంగీ, వదులు చొక్కా చేతులు కూడా అంతే. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, కుళాయికి నిట్టనిలువుగా పైనా కిందా హోల్ పెట్టొద్దు, గోడ లోపల వైరో పైపో ఉండేది ఆ గీత మీదే.

నీకు ఇప్పుడు కావాల్సింది: గోడ బిట్లు 6, 8, 10, ఒక్కోటి. ఎం35 కోబాల్ట్ 4, 6. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ 3 ఎంఎంవి రెండు, అవే విరుగుతాయి. డైమండ్ బిట్టు గీజర్ ఫాస్టెనర్ (గోడలో బిగిసే ఇనప బోల్టు) సైజుకి ఒక సైజు పెద్దది. సెట్టులో ఉన్న బంగారు రంగు బిట్లు చెక్కకి వాడుకో, వేస్టు కావు.

గీజర్ 25 లీటర్లది అయితే నీళ్లే 25 కిలోలు, ట్యాంకు బరువు అదనం, కాబట్టి ప్లాస్టిక్ ప్లగ్గుతో వేలాడదీయొద్దు, పెట్టెలో వచ్చిన ఇనప ఫాస్టెనర్లే వాడు. టైల్స్ వేసినప్పుడు మిగిలిన ముక్కలు ఎక్కడో ఉంటాయి, ముందు వాటి మీద రెండు మూడు హోల్స్ పెట్టి చేయి కుదిరిందనుకున్నాకే గోడ దగ్గరికి వెళ్లు. పగిలిన టైల్ ఫొటో ఒకటి పెట్టు, పగులు గీజర్ వెనక్కి పోయేటట్టు ఉంటే టైల్ మార్చాల్సిన పనిలేదు.